నల్లపులి లోపల

రెజిను రెండు పాళ్ళు, గట్టిపరిచే మందు ఒక పాలు. తూకం అటూ ఇటూ అయితే ముద్ద ఎన్నాళ్ళున్నా జిగటగానే ఉంటుంది, లేదంటే గ్లాసులోనే ఉడికిపోయి పొగ కక్కుతుంది. ఆమె ప్లాస్టిక్ గ్లాసుని త్రాసు మీద పెట్టి, ముల్లు కుదురుకునేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి పోసింది. ఆ త్రాసు ఒకప్పుడు వంటింటిది. "ఆ విషం కొలిచిన దాంట్లో నాకు పంచదార కొలవకు తల్లీ, ఇంకా కొన్నాళ్ళు బతకాలని ఉంది" అని అత్తగారు అన్నప్పటినుంచీ అది వెనక గదికి కాపురం వచ్చేసింది.

చివర్లో చిటికెడు నల్ల రంగు. బుడగలు లేవకుండా పుల్లతో నెమ్మదిగా తిప్పాలి. తొందరపడితే లోపల గాలి ఉండిపోతుంది.

బల్ల మీద అడుగుమూతలు తీసిన అల్యూమినియం డబ్బాలు వరసగా వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ సబ్బుపెట్టె కంటే కొంచెం పెద్దది. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య దీన్ని కలిపి, నేల మీద పెట్టి కాలితో నొక్కుతారు. నొక్కగానే అంతదాకా శుభ్రంగా మోగుతున్న తీగ గొంతు బొంగురుపోతుంది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టు గరగరమంటూ సాగుతుంది. పెడల్ అంటారు దాన్ని. భర్త దానికి నల్లపులి అని పేరు పెట్టాడు. ఇంటి ముందు బోర్డు మీద "పెడల్స్, ఆంప్లిఫయర్స్" అని రాయించాడు గానీ ఇప్పటిదాకా చేస్తున్నది ఈ పులి ఒక్కటే.

"అంచుల దాకా పోస్తున్నావా?" డబ్బాల మూతలకి స్టిక్కర్లు అంటిస్తున్న భర్త తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇంకా మొదలుపెట్టలేదు."

"అంచుల దాకా పొయ్యి. ఒక్క భాగం కూడా కనపడకూడదు. కనపడిందంటే రేపు వీధికొకడు ఇదే చేసి అమ్ముతాడు. ఈ లైన్లో అందరూ ఇలా మూసేసేవాళ్ళే."

ఆమె గ్లాసు వంచబోయి ఆగింది. డబ్బాల లోపలి సర్క్యూట్ బోర్డులన్నీ ఆమె చేత్తో అతికినవే. ఏ ముక్క ఎక్కడ ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఒక్కటి మాత్రం ఎప్పుడూ వేలికి ముల్లులా తగులుతుంది. మూలనున్న ఎర్ర కెపాసిటర్.

"ఇదెందుకండీ? దీని రెండు కాళ్ళూ ఎర్త్ పట్టీ మీదే ఉన్నాయి. ఇంట్లోంచి బయల్దేరి ఇంట్లోకే వచ్చినట్టు."

"అది సౌండ్ కోసం. తీస్తే సౌండ్ మారిపోతుంది."

"ఎలా మారుతుంది?"

"చెప్తే నీకర్థం కాదు."

ఆయనకీ తెలియదని ఆమెకి తెలుసు. అటక మీది పాత డబ్బాని ఆయన విప్పి, ఏ ముక్క ఎక్కడుందో కాగితం మీద గీసుకుంటుంటే పక్కన టార్చి పట్టుకుని నిలబడింది ఆమే. ఆ డబ్బా ఆమె నాన్న చేసింది. అల్లుడు బ్యాండులో వాయిస్తున్న రోజుల్లో ముచ్చటపడి ఇచ్చాడు. ఏ ముక్క దేనికుందో తెలియనివాడికి ఏ ముక్కనీ వదలడానికి ధైర్యం చాలదు. అందుకని ఆయన ఉన్నదంతా ఉన్నట్టే దించాడు. "మీ నాన్నకి ఇప్పుడే చెప్పకు. నిలదొక్కుకున్నాక నేనే చెప్తాను" అన్నాడు. ఆ నిలదొక్కుకోవడం నీడలాగా ఎప్పుడూ నాలుగడుగుల ముందే నడుస్తోంది.

ఆమె పోసింది. చిక్కటి నలుపు ముందు మూలలకి పాకింది. తర్వాత ఒక్కొక్క ముక్కకీ కాళ్ళు, నడుము ముంచి, చివరికి ఎర్ర కెపాసిటర్ నెత్తి మీదుగా చప్పుడు లేకుండా కలిసిపోయింది. దాని మీద పైనున్న ట్యూబులైటు తెల్లటి గీతలా నిలబడింది.

*

మర్నాడు అట్టపెట్టె పట్టుకుని ఇద్దరూ వాయిద్యాల షాపుకి వెళ్ళారు. తలుపు దగ్గర స్టూలు మీద ఆమె నాన్న కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఒక స్పీకరు పెట్టె. షాపులో పాడైన ఆంప్లిఫయర్లు బాగుచేసేది ఆయనే. బరువైనవి తన కొట్టుకి మోసుకుపోలేక ఈ మధ్య ఇక్కడికే వచ్చి చేసి పోతున్నాడు.

"నువ్వూ వచ్చావా అమ్మాయ్" అన్నాడు స్క్రూడ్రైవరు ఆపకుండా. "రండి అల్లుడుగారూ."

లోపల గెడ్డం గిటారిస్టు ఒకడు గాజు బీరువాలోంచి నల్లపులిని తీయించి నేల మీద పెట్టించాడు. ముందు ఉత్తినే నాలుగు తీగలు మీటాడు. తర్వాత బూటుకాలితో నొక్కాడు. షాపు అద్దాలు సన్నగా వణికాయి.

నాన్న చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. ఆయన గిటారు వంక చూడలేదు, డబ్బా వంకా చూడలేదు. తల ఒక పక్కకి వంచి, పక్కగదిలో తెలిసినవాళ్ళెవరో దగ్గితే విన్నట్టు విన్నాడు. గెడ్డం అతను వాయించడం ఆపాక కూడా కాసేపు అలాగే ఉండిపోయాడు.

"బాగుంది అల్లుడుగారూ. ఎవరి డిజైను?"

"ఇంకెవరిది మేష్టారూ, మీ అల్లుడిదే" అన్నాడు షాపాయన. "తల బద్దలుకొట్టుకుని చేశాడు. ఇంట్లో ఇంత తెలివిగలవాణ్ణి పెట్టుకుని ఎవరిదని అడుగుతారేంటి."

భర్త గొంతు సవరించుకున్నాడు. "నాదే మామయ్యగారూ. రెండేళ్ళు పట్టింది."

"రెండేళ్ళా" అన్నాడు నాన్న. "త్వరగానే అయిందే."

అది మెచ్చుకోలో మరొకటో ఆమెకి అర్థం కాలేదు. ఆయన మొహం చూద్దామంటే కళ్ళు పైకి లేవలేదు. నేల మీద గిటారు వైరు పాము చుట్టలా పడి ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది. నోట్లో మాట ఉంది. రెండు పెదాలు విడదీస్తే చాలు, బయటికొస్తుంది. విడదీయలేదు.

"మేష్టారూ, ఆ స్టూలు కాస్త ఇటిస్తారా, అల్లుడుగారు కూర్చుంటారు" అన్నాడు షాపాయన.

నాన్న లేచాడు. స్పీకరు పెట్టెని ఎడమచేత్తో కడుపుకి ఆనించుకుని, కుడిచేత్తో స్టూలు ముందుకి జరిపాడు. భర్త "అయ్యో, పర్లేదు మామయ్యగారూ" అంటూనే కూర్చున్నాడు. నాన్న పెట్టెని ఎక్కడ దించాలో తెలియక అలాగే ఎత్తుకుని గోడవార నిలబడ్డాడు. ఆమె వెళ్ళి ఒక కొస పట్టుకుంటే "బరువేం లేదులే" అన్నాడు. బరువుంది. ఆమె చేతికి తెలిసింది.

షాపాయన కౌంటరు కిందనుంచి రెండు నల్లపులుల్ని తీసి పెట్టాడు. "ఇవి మూగబోయాయి తమ్ముడూ. కొన్నవాళ్ళు తెచ్చి మొహాన కొట్టి పోయారు. ఇంకోటి కూడా పోయిందని ఎవరో ఫోన్ చేశాడు."

"నొక్కడం రాక పాడుచేసుంటారు."

"నొక్కడం రాకపోవడానికి అదేమన్నా హార్మోనియమా? సంగతేంటో ఈ వారంలో తేల్చు. లేకపోతే నీ సరుకంతా బీరువాలోంచి తీసేస్తాను. ఏమీ అనుకోకు, షాపు పేరు పోతుంది."

"నేను విప్పి చూడనా?" అన్నాడు నాన్న గోడవారనుంచి.

"వద్దొద్దు" అంటూ భర్త రెండు డబ్బాల్నీ గబుక్కున దగ్గరికి లాక్కున్నాడు. "మీకెందుకు మామయ్యగారూ శ్రమ. చిన్న విషయం. నేను చూసుకుంటాను."

నాన్న తల ఊపి, పెట్టెని నేల మీదికి దించి, మళ్ళీ స్క్రూ బిగించడం మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవరు గాడిలోంచి ఒకసారి జారింది.

*

సాయంత్రం భర్త మూగబోయిన డబ్బాని బల్లకి బిగించి, సోల్డరింగ్ ఐరన్ తో ముద్దని కాల్చడం మొదలుపెట్టాడు. కాలిన రబ్బరు కంపు ఇల్లంతా నిండింది.

"ఏరా, లారీ టైర్లు వండుతున్నారా?" అత్తగారు ముక్కు మూసుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. "నువ్వే మూశావు, నువ్వే తవ్వుతున్నావు. దీనికన్నా మట్టి పనికి పోరాదూ?"

ఆయన ఉలి అందుకున్నాడు. ఉలితో ఒక్క పోటు పొడిచాడు. ముద్దతో పాటు బోర్డు కూడా అడ్డంగా విరిగింది. రాగి పట్టీలు గుడ్డలోంచి లాగిన దారాల్లా పైకి లేచాయి. దాన్ని బల్ల మీదికి విసిరేశాడు.

"నీ సోల్డరింగే. ఎక్కడో సరిగ్గా అతుక్కుని ఉండదు."

ఆమె విరిగిన ముక్కని దీపం కిందికి తీసుకెళ్ళి చూసింది. కనిపించినంత మేర అతుకులు చెక్కుచెదరలేదు. వెనక్కి తెచ్చి పెట్టింది.

"షాపాయన తీసేస్తే ఏం చేద్దాం?"

"ఏముంది, మళ్ళీ కేబుల్ కంపెనీ. స్తంభాలెక్కడం." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "ఈ వయసులో ఎక్కించుకుంటారో లేదో."

ఆ గొంతులో బడాయి లేదు. ఆమెకి ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకలేదు. నెలల తరబడి ఈ గదిలో ఇద్దరూ ఒకే దీపం కింద వంగి కూర్చున్నారు. ఆయనకి మెడనొప్పి వస్తే ఆమె నొక్కింది. ఆమె వేలు కాలితే ఆయన ఊదాడు.

"నాన్న విప్పగలరు. ముద్దలోంచి కూడా తీయగలరు."

"వద్దన్నానా."

"ఒక్కటి ఇచ్చి చూద్దాం."

"ఆయన విప్పితే ఒక్క నిమిషంలో పోల్చుకుంటాడు. అందరి ముందూ నాదే అన్నాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

మరి నా మొహం, అనుకుంది ఆమె. రెండో డబ్బా బల్ల చివర, పగలగొట్టకుండా మిగిలి ఉంది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని కూరగాయల సంచిలో వేసింది.

*

నాన్న కొట్టు ఒక పాత భవనం మెట్ల కింద ఉంటుంది. లోపలికి పోయినకొద్దీ కప్పు వాలుగా దిగుతుంది. బల్ల దగ్గరికి చేరేసరికి ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. కొట్టుకొచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక చెక్కపెట్టె ఉంది. దాని ముందు భాగానికి బూడిదరంగు గుడ్డ, అంచులకి మేకులు. ఒకప్పుడు నాన్న చేసిన ఆంప్లిఫయర్ అది.

ఆమె దాని మీద కూర్చుని సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చింది.

"అల్లుడుగారు వద్దన్నారుగా."

"ఆయనకి తెలీదు."

"ఊఁ" అన్నాడు నాన్న.

వేడిగాలి కొట్టే గన్ను పెట్టి, దూరంనుంచి తిప్పి తిప్పి ముద్దని వెచ్చజేశాడు. అది పెన్సిలు రబ్బరులా మెత్తబడింది. ఒక పళ్ళడాక్టరు పారేసిన కొక్కేలు రెండు ఆయన దగ్గరున్నాయి. ఒకటి తను తీసుకుని ఇంకోటి ఆమెకిచ్చాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి గీకడం మొదలుపెట్టారు. నల్లటి పొట్టు బల్ల మీద రాలుతోంది. పైన మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నారు, ఎవరో దిగుతున్నారు.

మొదట బయటపడింది ఎర్ర కెపాసిటర్ నెత్తి.

నాన్న కొక్కెం దాని దగ్గర ఆగింది. ఆమె చేతిలోదీ ఆగింది. ఒక్క మాట అంటే బాగుండు, అనకుండా ఉంటే బాగుండు. ఆయన కొక్కేన్ని కొంచెం పక్కకి జరిపి, దాని చుట్టూ ఉన్న ముద్దని తీయడం మొదలుపెట్టాడు, నిద్రపోతున్నదాన్ని లేపకూడదన్నట్టు. ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అన్నీ వచ్చాక ఆయన వెనక్కి జరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

బియ్యపుగింజంత గాజు డయోడ్లు రెండు మధ్యలో ఉన్నాయి. సౌండ్ వాటిని దాటే బయటికి రావాలి. ఆమె ఇంకా వంగి చూసింది.

"నాన్నా, ఇది పగిలింది. ఇక్కడ, వెంట్రుకంత."

"ఏదీ? నాకు కనపడట్లేదు." మీటరు తీగల మొనలు ఆనించి చూశాడు. ముల్లు కదల్లేదు. "నిజమే, చచ్చిపోయింది. ముద్ద గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది అమ్మాయ్. ముడుచుకుని లోపలున్నవాటిని పిసుకుతుంది. మిగతావి ఓర్చుకుంటాయి. గాజు ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది."

"అయితే నా సోల్డరింగ్ కాదన్నమాట."

"నీ సోల్డరింగా? ఎవరన్నారు?" ఆయన అతుకులకేసి చూపించాడు. "నీకు నేర్పింది ఎవరనుకున్నావు?"

ఆమె నవ్వబోయింది, రాలేదు. "అసలు ముద్ద పొయ్యడమే మానేస్తే పోలేదా? మూతపెట్టి స్క్రూలు బిగిస్తే చాలదూ?"

"అల్లుడుగారు ఊరుకుంటారా?"

ఆమె కొక్కెం మొనకి అంటిన నలుపు తుడిచింది.

నాన్న సొరుగులోంచి సైకిల్ వాల్వు ట్యూబు తీశాడు, సన్నటి రబ్బరు గొట్టం. కత్తెరతో చిన్న ముక్క కత్తిరించి, పగిలిన డయోడు తీసేసి, కొత్తదానికి ఆ రబ్బరు తొడిగి అతికాడు. పక్కదాన్నీ ఊడదీసి అలాగే తొడిగాడు. "గాజుకి చొక్కా. ఇంక ఎంత పిసికినా రబ్బరే సర్దుకుంటుంది. పైనుంచి ఎంత నలుపు కావాలంటే అంత పోసుకోండి." ట్యూబు మొత్తం చుట్టచుట్టి ఆమె సంచిలో వేశాడు. "అందులో చాలా డబ్బాలకి వస్తుంది."

తర్వాత కొక్కెం మొనతో ఎర్ర కెపాసిటర్ని తట్టాడు. "ఇది మాత్రం తీసెయ్. దండగ."

"సౌండ్ కోసం అన్నారు."

నాన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "సౌండా! అప్పట్లో స్విచ్చి దగ్గర తీగ ఒకటి ఊగుతుండేది. ఆనుకోడానికి ఏదన్నా ఉంటే బాగుండునని, చేతికందిన ముక్కని రెండు కాళ్ళూ ఎర్త్ కి అతికించి నిలబెట్టాను. తూలేవాడికి గోడలాగా. మీ డబ్బాలో ఊగే తీగే లేదుగా."

నిలబెట్టాను. ఆ మాట బల్ల మీద, నల్లపొట్టు మధ్య పడి ఉండిపోయింది. ఇద్దరిలో ఎవరూ తీయలేదు. ఆయన గన్ను స్విచ్చి ఆపాడు.

"నాన్నా, ఆ రోజు టార్చి నేనే..."

"టీ తాగుతావా?"

"వద్దు."

"షాపులో విన్నానుగా. నా దానికంటే శుభ్రంగా మోగింది. మంచి సరుకు వాడుతున్నారు అల్లుడుగారు." ఎర్ర కెపాసిటర్ని ఐరన్ తో కరిగించి ఊడదీసి పొట్టు మీద పెట్టాడు. "రెండేళ్ళన్నారు చూడు. నాకు ఇంకా ఎక్కువ పట్టింది. అంతే."

ఆమె ఆ ఎర్ర ముక్కని తీసి గుప్పిట్లో పెట్టుకుంది. దాని కాళ్ళు ఇంకా వేడిగా ఉన్నాయి.

వెళ్ళడానికి లేస్తే నాన్న చెక్కపెట్టెని చూపించాడు. "ఇదీ పట్టుకెళ్ళు. ఆంప్లిఫయర్లు కూడా చేస్తామని బోర్డు రాయించారటగా. లోపలి ట్రాన్స్ఫార్మరు నేను చుట్టిందే. విప్పి చూస్తే అల్లుడుగారికి అందుతుంది. ఇక్కడ ఉత్తినే పడుంది."

ఆమె గుడ్డ మీద చెయ్యి వేసింది. గుడ్డ మధ్యలో, జనం పిక్కలు తగిలి తగిలి, నూనె మరకలా నల్లబడింది.

"బరువు నాన్నా."

"ఆటో పిలుస్తాను."

"వద్దు. ఇక్కడే ఉండనీ. నేనొస్తే కూర్చోడానికి ఏముంటుంది?"

*

బాగైన డబ్బా మోగింది. భర్త స్పీకరుకి చెవి ఆనించి విని, డబ్బాని తిప్పి చూసి, మూలన ఎర్రది లేకపోవడం గమనించకుండా, లోపలి రబ్బరు ముక్కల దగ్గర ఆగాడు.

"ఇదేంటి?"

"మనం పోసే ముద్ద గాజుని పిసికేస్తోంది. రబ్బరు తొడిగితే పగలదు."

"నీకెవరు చెప్పారు?"

"మా నాన్న. విప్పారు."

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. మొహంలో రక్తం లేదు. "ఏమన్నాడు?"

"మంచి సరుకు వాడుతున్నారన్నారు."

"అంతేనా?"

"అంతే."

కాసేపటికి ఆయన భుజాలు దిగాయి. మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "చూశావా, పోల్చుకోలేదు. నేనే అనవసరంగా భయపడ్డాను. పాపం, పెద్దాయనకి చూపు మందగించింది." డబ్బాని ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు.

ఆమె రబ్బరు ట్యూబు కత్తిరిస్తోంది. కత్తెర ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది.

మూగబోయినవాటికి బదులు రబ్బరు తొడిగిన డబ్బాలు షాపాయనకి ఇచ్చి వచ్చారు. వారం చివరికి ఇంకే డబ్బా వెనక్కి రాలేదు. గాజు బీరువాలో నల్లపులి ఉన్నచోటే ఉంది. భర్త ఈలవేస్తూ తిరుగుతున్నాడు. కొత్త బోర్డులు అతకడానికి ఆమె కూర్చున్న చోటికి కుర్చీ లాక్కుని వచ్చాడు.

"మీ నాన్న కొట్లో ఒక పాత ఆంప్లిఫయర్ ఉండాలి కదా, చెక్కపెట్టె. ఒకసారి తేగలవా? చూసి ఇచ్చేద్దాం."

"అది పనికిరాదండీ. లోపల ఏం లేదు."

"ఏం లేదా?"

"అంతా తీసేశారు. జనం కూర్చోడానికి వాడుతున్నారు."

ఆయన నిరాశగా పెదవి విరిచాడు. బల్ల మీది ముక్కల పెట్టెని కెలికాడు. "ఎర్ర కెపాసిటర్లు అయిపోయినట్టున్నాయే. ఒక్కటే ఉంది. బజార్లో ఆ రకం దొరకట్లేదు." బోర్డు తీసి దీపానికి అడ్డంపెట్టి చూశాడు. "నువ్వన్నట్టు దీని రెండు కాళ్ళూ ఎర్త్ కేగా. వదిలేద్దామా? పనీ తగ్గుతుంది."

"వద్దు" అంది ఆమె. "తీస్తే సౌండ్ మారిపోతుంది."

ఆయన ఆమె వంక చూశాడు. తన మాట తనకే తిరిగొచ్చినందుకు సంతోషించినట్టున్నాడు. "అదీ నిజమేలే. వేరే రంగుది ఏదైనా చూస్తాను" అని మూతలకి స్టిక్కర్లు అంటించుకోడానికి వెళ్ళాడు.

ఆ మిగిలిన ఒక్కటీ ఆమె నాన్న కొట్టునుంచి గుప్పిట్లో తెచ్చిందే, కాళ్ళు కొంచెం వంకరపోయి ఉంది. ఆమె పట్టకారుతో తిన్నగా చేసి, మూలన నిలబెట్టి, ఒక కాలు అతికింది, రెండో కాలు అతికింది. ఊదింది. రెజిను రెండు పాళ్ళు తూచింది, మందు ఒక పాలు తూచింది, నలుపు కలిపింది. బుడగలు పోయేదాకా తిప్పింది.

"తలుపేసుకోండర్రా, కంపు" అని లోపల్నుంచి అత్తగారు కేకేసింది.

ఆమె లేచి తలుపు వేసి వచ్చింది. గ్లాసు వంచింది. నలుపు మూలలకి పాకి, రబ్బరు చొక్కాల్ని ముంచి, చివరికి ఎర్ర నెత్తి చుట్టూ గుండ్రంగా ఆగింది. ఇంకొంచెం పోసింది.

"అంచుల దాకా పోశావా?" భర్త అటునుంచి అడిగాడు.

"పోశాను."

"ఏమీ కనపడటం లేదుగా?"

ఆమె దీపం దగ్గరికి జరిపి చూసింది.

"లేదు" అంది.